ఊరి దాకా వచ్చిన ఫైబర్ ఇంట్లోకి రాదేం?

మీ ప్రశ్నలు – మా జవాబులు

పల్లెల్లో ఇంటర్నెట్ గురించి నల్గొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మా పంచాయతీ ఆఫీసులో భారత్‌నెట్ బాక్సు పెట్టి చాన్నాళ్లయింది. లైట్లు వెలుగుతుంటాయి. అక్కడి నుంచి మా తండా రెండున్నర కిలోమీటర్లు. వైరు వచ్చింది కాబట్టి ఇక ఇంటింటికీ నెట్టే అన్నారు. ఒక్క ఇంటికీ రాలేదు. లోపం ఎక్కడుంది? – దేవరకొండ దగ్గరి తండా నుంచి

జవాబు: భారత్‌నెట్ అంటే పంచాయతీలకు ఫైబర్ తెచ్చే కేంద్ర పథకం. ముందు ఆ బాక్సు ఏ రకమో తేల్చుకోండి. చాలా పంచాయతీల్లో గోడకు ఉన్నది ఓఎన్‌టీ. అంటే మండల కేంద్రంలోని ఓఎల్‌టీ అనే పెద్ద బాక్సు పంపే కాంతిని అందుకునేది మాత్రమే. దాన్నుంచి పంచాయతీ ఆఫీసుకు, బడికి, అంగన్‌వాడీకి మామూలు నెట్‌వర్క్ కేబుల్‌తో లైను ఇవ్వొచ్చు. ఇళ్లకు ఫైబర్ పంచడం దానివల్ల కాదు. ఇళ్లకు రావాలంటే, మండలం నుంచి వచ్చిన కేబుల్‌లో వాడకుండా ఉన్న ఫైబర్ పోగులుండాలి. లేదా ఊళ్లోనే ఓఎల్‌టీ పెట్టాలి. కార్యదర్శిని "బాక్సు పనిచేస్తోందా" అని అడిగితే "పనిచేస్తోంది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "కేబుల్‌లో ఎన్ని పోగులున్నాయి, ఎన్ని ఖాళీ, ఓఎల్‌టీ ఎక్కడుంది, ఇక్కడికి కాంతి ఎన్ని డీబీఎం (కాంతి బలానికి కొలమానం) వస్తోంది" అని నాలుగు ముక్కలు రాసి అడగండి. ఆ నాలుగింటికీ జవాబు దొరికితే మీ తండాకు నెట్ వస్తుందో రాదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

2011లో కేంద్రం మంజూరు చేసిన పథకం (2015లో భారత్‌నెట్ అని పేరు మారింది) లక్ష్యం పంచాయతీ ఆఫీసు వరకే. ఇంటి దాకా వెళ్లడం తర్వాతి సంగతి అనుకున్నారు. ఆ తర్వాతి సంగతి ఎవరిదన్నది చాలాచోట్ల ఇప్పటికీ తేలలేదు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో పంచాయతీలను రింగుగా కలపడం, పదేళ్ల నిర్వహణ, పల్లె ఇళ్లకు కనెక్షన్లు కూడా చేర్చారు. రింగు అంటే కేబుల్ ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి నడుస్తుంది. ఒకే గీతలో వేసిన పాత లైనుకు ఆ వీలు లేదు, మధ్యలో ఎక్కడ తెగినా ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆగిపోతాయి.

మన దగ్గర రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్ కేబుల్‌ను మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే వేసుకుంటూ వచ్చారు. తవ్వకం ఖర్చు బాగా మిగిలింది. కానీ పైపు లీకైందని తవ్విన ప్రతిసారీ పక్కనున్న ఫైబర్ గొట్టానికి కూడా ముప్పే. 2024 డిసెంబరులో ఇళ్లకు ప్రయోగాత్మకంగా కనెక్షన్లు మొదలుపెట్టిన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి.

మీ తండాకు మరో మెలిక ఉండొచ్చు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి. మీదీ అలాంటిదైతే భారత్‌నెట్ జాబితాలో మీ తండా పేరు విడిగా ఉందో, పాత పంచాయతీ పేరులోనే కలిసి ఉందో చూడండి. పంచాయతీ కాని ఆవాసమైతే, కొత్త పథకంలో "అడిగితే ఇస్తాం" అనే పద్దు ఉంది. గ్రామసభ తీర్మానం, కనెక్షన్ కావాలన్న ఇళ్ల జాబితా జతచేసి అడగండి. ఇరవై ముప్పై ఇళ్లు సంతకాలు పెట్టిన కాగితానికి ఉండే బరువు ఒక్కరి అర్జీకి ఉండదు. కేబుల్ వేసేవాళ్లు లెక్కేసేది కూడా కిలోమీటరుకు ఎన్ని ఇళ్లన్నదే.

ప్రశ్న: మా ఇంటికి ఫైబర్ నెట్ ఉంది. వారానికి రెండు మూడు సార్లు ఎర్రలైటు వస్తుంది. ఆపరేటర్ మనిషి వచ్చి వైరు కదిపి పోతాడు. రెండు రోజులు బాగుండి మళ్లీ అదే. – మునుగోడు మండలం నుంచి

జవాబు: ఎర్రగా వెలిగేది లాస్ లైటు. మీ బాక్సుకు కాంతి రావడం లేదని, లేదా చాలనంత తక్కువగా వస్తోందని దాని అర్థం. కదిపితే బాగవుతోందంటే తెగలేదు, ఎక్కడో కారుతోంది. కదపడం మరమ్మతు కాదు.

మీరు చేయగలిగింది ఇది. బాక్సు ఐపీ అడ్రసు (చాలావాటికి 192.168.1.1, బాక్సు కింద అంటించి ఉంటుంది) ఫోన్లో తెరిస్తే ఆప్టికల్ పవర్ అనే పేజీలో ఆర్ఎక్స్ అంకె (బాక్సుకు అందుతున్న కాంతి, డీబీఎంలో) కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే దిగుల్లేదు. మైనస్ 25 దాటితే వానకో ఎండకో ఆగిపోయే స్థితి. మామూలు జీపాన్ (ఇళ్లకు ఫైబర్ నెట్ ఇచ్చే పద్ధతి) బాక్సు మైనస్ 27 దాకానే పట్టుకోగలదు. ఆ అంకెను పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా రాసుకోండి. మధ్యాహ్నం పడిపోయి రాత్రికి కోలుకుంటుంటే, ఎండకు సాగే వైరులోనో జాయింటులోనో తప్పు ఉందన్న అనుమానం బలపడుతుంది.

అసలు కాంతి ఎక్కడ ఖర్చవుతుందో చూద్దాం. మండలంలో ఓఎల్‌టీ నుంచి ప్లస్ 3 డీబీఎంతో బయల్దేరిందనుకుందాం. పన్నెండు కిలోమీటర్ల ఫైబర్‌కు కిలోమీటరుకు పావు డెసిబెల్ చొప్పున 3 పోతుంది. ఆరు జాయింట్లకు 0.6, నాలుగు కనెక్టర్లకు 1.6. ఇక స్ప్లిటర్లు: ఒకటిని ఎనిమిది చేసేదానికి 10.5, ఒకటిని నాలుగు చేసేదానికి సుమారు 7.2. మొత్తం 22.9 పోయి మీ ఇంటికి మైనస్ 19.9 అందుతుంది. హాయిగా నడుస్తుంది. కనెక్షన్లు పెరిగాయని ఆపరేటరు నాలుగు స్ప్లిటర్ తీసి ఎనిమిదిది పెడితే అదే ఇంటికి మైనస్ 23.2. అప్పుడూ నడుస్తుంది. కానీ చేతిలో మిగిలింది నాలుగు డెసిబెల్ కూడా లేదు. ఒక్క మురికి కనెక్టర్, ఒక్క మేకు దగ్గర గట్టి వంపు చాలు దాన్ని మింగడానికి. పల్లె లైన్లు ఎక్కువగా పాడయ్యేది ఇలాగే. వైరు తెగక్కర్లేదు, దూరానికి తగ్గ మిగులు ముందే లెక్కేసుకోకపోతే చాలు.

ఇంట్లో చూడాల్సినవి రెండు. గోడ నుంచి బాక్సుకు వచ్చే పసుపుపచ్చ ప్యాచ్ కార్డ్‌ను బీరువా వెనక మడిచి నొక్కారా? మామూలు ఫైబర్‌ను గాజు గిన్నె మూతికన్నా చిన్న చుట్టగా వంచకూడదు. వంపు తట్టుకునే రకం వేసినా పదునుగా మడవకూడదు. రెండోది కొనల రంగు: ఆకుపచ్చ కొన ఏటవాలుగా అరగదీసింది, నీలం కొన గుండ్రంగా అరగదీసింది. ఒకదానికొకటి తగిలిస్తే లోపలికి దూరతాయి, క్లిక్‌మంటాయి, కాంతి మాత్రం సరిగ్గా దాటదు, మొనలు గీసుకుపోతాయి కూడా. ఆకుపచ్చకు ఆకుపచ్చే. కొనను చొక్కా అంచుతో తుడవొద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, నూగు రాని కాగితంతో ఒకేవైపు ఒక్కసారి తుడవాలి. కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులో వచ్చే కాంతి కంటికి కనబడదు, రెటీనాకు మాత్రం హాని చేయగలదు.

బయట చూడాల్సింది డ్రాప్ కేబుల్. స్తంభం నుంచి ఇంటికి తెచ్చిన సన్నని నల్లవైరు కొన దగ్గర ఫాస్ట్ కనెక్టర్ బిగించి ఉంటే మీ వారాల రోగానికి మూలం చాలావరకు అదే. రెండు నిమిషాల్లో చేత్తో బిగిస్తారు, లోపల కాంతి దాటించడానికి జెల్ ఉంటుంది. మన ఎండల్లో ఏడాది తిరిగేసరికి జెల్ ఎండిపోతుంది, పోగు వెనక్కి జరుగుతుంది. "దాన్ని తీసి ఫ్యూజన్ స్ప్లైసింగ్ (పోగులను కరిగించి అతికించడం) చేయండి, తర్వాత మీటరు పెట్టి అంకె చూపించండి" అని అడగండి. మీటరు తేని మనిషితో పని చేయించుకోవద్దు.

రోడ్డు దాటే వైరు ఆరు మీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. గడ్డి లోడు ట్రాక్టరు, వరికోత మిషను కింద నుంచి పోవాలి కదా. కరెంటు స్తంభాల మీదుగా తీయాలంటే విద్యుత్ సంస్థ అనుమతి ఉండాలి, కరెంటు తీగలకు తగినంత కింద కట్టాలి. వైరు పక్కన ఉక్కుతీగ ఉండే రకమైతే ఆ ఉక్కును ఇంట్లోకి రానివ్వొద్దు, గోడ బయటే కత్తిరించి కొక్కేనికి చుట్టాలి. ఫైబర్‌లో కరెంటు పారదు గానీ ఆ ఉక్కులో పారుతుంది, పిడుగు పడినప్పుడు బాక్సు మాడేది అందుకే. కోతులు ఎక్కువున్న ఊళ్లలో వైరును పైకప్పు అంచు వెంట వేలాడదీయకుండా పైపులో దించండి. జాయింటు బాక్సుల రంధ్రాలు మూయకపోతే ఎలుకలు దూరి కొరికేస్తాయి.

ప్రశ్న: కరెంటు పోతే నెట్ కూడా పోతుంది. ఇన్వర్టర్ కొనాలా? – మక్తల్ నుంచి

జవాబు: నెట్ కోసమే అయితే వద్దు. బాక్సు తాగేది 12 వోల్టుల దగ్గర పది వాట్లు. దానికోసం ఇన్వర్టర్ నడిపితే అది ఖాళీగా ఉండి తినేదే అంతకన్నా ఎక్కువవుతుంది. 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ అని చిన్నది దొరుకుతుంది. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లో చదవండి. ఒకటిన్నర ఆంపియర్ అడిగే బాక్సుకు ఒక ఆంపియర్ ఇచ్చే యూపీఎస్ పెడితే మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. సొంతంగా చేసుకునేవాళ్లు 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ సీల్డ్ బ్యాటరీ వాడితే, సగం వరకే వాడుకుంటేనే అది నాలుగు కాలాలు మన్నుతుంది కాబట్టి, నాలుగు గంటలు వస్తుంది. నేరుగా బ్యాటరీకి తగిలించొద్దు. ఛార్జింగులో 14 వోల్టులు దాటుతుంది. మధ్యలో 12 వోల్టులకు కట్టడి చేసే చిన్న కన్వర్టర్ పెట్టండి.

యూపీఎస్ పెట్టినా కరెంటు పోగానే లాస్ ఎర్రగా వెలుగుతోందంటే తప్పు మీ ఇంట్లో లేదు. అవతల ఓఎల్‌టీ దగ్గర బ్యాటరీ చచ్చిపోయింది. అది కరెంటు పోయిన టైముతో సహా రాసి ఆపరేటర్‌కు ఇవ్వాల్సిన ఫిర్యాదు. లాస్ ఆరిపోయి ఉండి, పాన్ లైటు (అవతలి ఓఎల్‌టీతో కలిసిందని చెప్పేది) నిలకడగా పచ్చగా ఉండి నెట్ రాకపోతే తప్పు ఇంకా పైనుంది.

ప్రశ్న: 40 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం. డౌన్‌లోడ్‌లో 5 చూపిస్తోంది. మోసమా? – మిర్యాలగూడ నుంచి

జవాబు: కాదు. ప్లాన్ చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ చూపేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు, నలభైని ఎనిమిదితో భాగిస్తే అయిదే. 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి. అంతకుముందు 512 కేబీపీఎస్ చాలనేవారు.

ప్రశ్న: మా ఊరికీ మాకూ మధ్య గుట్ట ఉంది. ఫైబర్ వేయడానికి బండ తవ్వాలంటున్నారు. గాలిలో పంపే పద్ధతి ఉందట, నిజమేనా? – కొల్లాపూర్ ప్రాంతం నుంచి

జవాబు: ఉంది, బాగానే నడుస్తుంది. అయితే రెండు కొనలూ ఒకదానికొకటి కనబడాలి. గుట్టలోంచి దాటదు. గుట్ట మీద మధ్యలో ఒక మజిలీ పెట్టాలి.

5 గిగాహెర్ట్జ్‌లో 5150–5350, 5470–5875 మెగాహెర్ట్జ్‌లను 2018లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచారు. శక్తికి పరిమితి ఉంది, పరికరానికి ఆమోదం ఉండాలి. మూడు కిలోమీటర్ల దూరానికి 5.8 గిగాహెర్ట్జ్‌లో గాలి 117 డెసిబెల్ తినేస్తుంది. చట్టం ఒప్పుకునే 36 డీబీఎంతో పంపి, అవతల 23 డెసిబెల్ డిష్ పెడితే మైనస్ 58 అందుతుంది. అది మంచి అంకె. మీకొచ్చేది మైనస్ 70 అయితే డిష్ సరిగ్గా తిప్పలేదన్నమాట. మైనస్ 58 రావాల్సిన చోట మైనస్ 70తో సర్దుకుని దిగిపోయే మనుషులు ఉంటారు, దిగనివ్వకండి.

కనబడితే చాలదు, చుట్టూ ఖాళీ కూడా ఉండాలి. మూడు కిలోమీటర్ల లింకుకు సరిగ్గా మధ్యలో చూపు గీతకు అన్నివైపులా కనీసం 3.7 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి. ఎండాకాలంలో ఆకు రాలిన చెట్ల మీదుగా సిగ్నల్ చూసి బిగించి, వానాకాలంలో నెట్ రావడం లేదని తలపట్టుకోవడం మామూలే. దారిలో ఉన్నవాటిలో ఏ చెట్టు ఇంకా ఎంత ఎత్తు పెరుగుతుందో ముందే చూసుకోండి. వాన చినుకులతో ఈ దూరానికి పెద్ద ఇబ్బంది లేదు. పాడుచేసేది కనెక్టర్లోకి దిగే నీళ్లు. వైరు బాక్సులోకి ఎక్కేముందు కిందికి ఒక వంపు వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి.

గుట్ట మీది మజిలీకి సోలార్ లెక్క: ఎనిమిది వాట్ల రేడియోలు రెండు, రోజంతా 384 వాట్ అవర్లు. రోజుకు అయిదు గంటల మంచి ఎండ, ముప్పై శాతం నష్టం పట్టుకుంటే 110 వాట్ల ప్యానెల్ సరిపోయినట్టు కనబడుతుంది. ముసురు పట్టిన శ్రావణానికి అది చాలదు, 200 వాట్లు పెట్టండి. రెండు రోజుల నిల్వకు 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన ఇనప కడ్డీ మీదే కాబట్టి పిడుగు మొదట దాన్నే వెతుక్కుంటుంది. ఎర్తింగు, రెండు కొనల్లోనూ సర్జ్ ప్రొటెక్టర్, షీల్డు ఉన్న కేబుల్ తప్పవు. బండ మీద ఎర్తింగు సరిగ్గా దొరకదు, కిందున్న మట్టి దాకా రాగి పట్టీ లాగాలి. ఇంతా చేశాక ప్యానెల్, బ్యాటరీ ఎవరో ఎత్తుకుపోకుండా కాపలా ఎవరిదో కూడా ఇప్పుడే తేల్చుకోండి.

ఒక హెచ్చరిక. మీ ఇంటి నుంచి మీ బావి దగ్గరికి లింకు వేసుకోవడం వేరు. ఒక కనెక్షన్ తీసుకుని తండాలో పదిమందికి అమ్మడం వేరు, అది లైసెన్సు ఉన్నవాళ్లు చేయాల్సిన పని. ఆ లింకును దగ్గర్లోని కేబుల్ ఆపరేటరు ద్వారానో, ఇంటర్నెట్ కంపెనీ ఫ్రాంచైజీ కిందనో వేయించండి. లేదంటే కింది జవాబు చూడండి.

ప్రశ్న: నాకు కిరాణా కొట్టుంది. పీఎం-వాణి వైఫై పెట్టుకోవచ్చని విన్నాను. లాభమా? – అచ్చంపేట నుంచి

జవాబు: 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పద్ధతి ఇది. కొట్టు యజమాని పీడీఓ (పబ్లిక్ డేటా ఆఫీస్, అంటే వైఫై అమ్మే చోటు నడిపేవాడు) అవుతాడు. అతనికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. లాగిన్, డబ్బు లెక్క, వాడకం రికార్డు చూసుకునేది పీడీఓఏ అనే రిజిస్టరయిన సంస్థ. వాళ్లతో ఒప్పందం చేసుకుని, వాళ్లు ఒప్పుకున్న వైఫై బాక్సే కొనాలి. బజారులో చవగ్గా దొరికిన రౌటర్ పనికిరాదు. కనెక్షన్ తీసుకునేటప్పుడు పీఎం-వాణి కోసమని చెప్పి తీసుకోండి. 200 ఎంబీపీఎస్ వరకు ఇంటి ప్లాన్ ధరకు రెట్టింపు మించి పీడీఓల దగ్గర వసూలు చేయకూడదని 2025 జూన్‌లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. అంతకుముందు ఇంటర్నెట్ కంపెనీలు ఖరీదైన లీజు లైనే తీసుకోవాలని పట్టుబట్టి బేరం చెడగొట్టేవి.

లాభం మీ చోటును బట్టి. ఉదాహరణకు కనెక్షన్ 600, జీఎస్టీతో 708 అనుకోండి. అయిదు రూపాయల కూపన్‌లో మీ చేతికి మూడు మిగిలితే నెలకు 236 కూపన్లు, అంటే రోజుకు ఎనిమిది అమ్మితేనే కనెక్షన్ ఖర్చు తీరుతుంది. పదిహేను వాట్ల బాక్సుకు నెలకు పదకొండు యూనిట్ల కరెంటు అదనం. ఫోన్లలో 4జీ నిండుగా వచ్చే ఊళ్లో రోజుకు ఎనిమిది అమ్మడం కష్టమే, అందరి దగ్గరా రోజువారీ డేటా ఉంటుంది. సిగ్నల్ అందని పల్లంలోనో, హాస్టల్, జూనియర్ కాలేజీ పక్కనో అయితే నడుస్తుంది. వైఫై ఆరుబయట యాభై నుంచి వంద మీటర్ల దాకా అందుతుంది. కొట్టు లోపల గల్లా దగ్గర కాకుండా బయట, సజ్జా కింద, మనిషి తల కన్నా పైన పెట్టండి.

ప్రశ్న: అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలకు (గూడేలకు) కేబుల్ వేయడానికి చట్టం ఒప్పుకుంటుందా? – నాగర్‌కర్నూల్ నుంచి ఒక టీచర్

జవాబు: 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ కింద బడి, అంగన్‌వాడీ, మంచినీళ్లలాంటి పదమూడు సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వొచ్చు. వాటిలో విద్యుత్, టెలికమ్యూనికేషన్ లైన్లు ఉన్నాయి. ఒక్కోదానికి హెక్టారు దాటకూడదు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. పులుల అభయారణ్యం కాబట్టి వన్యప్రాణి చట్టం అనుమతులు వేరే ఉంటాయి. అందుకని పెంటలకు ముందుగా అందే అవకాశం 4జీ టవరుదే. సిగ్నల్ లేని ఊళ్లకు టవర్లు వేసే 26,316 కోట్ల పథకాన్ని 2022 జులైలో ఆమోదించారు, వేసేది బీఎస్ఎన్ఎల్. మీ పెంట జాబితాలో ఉందో లేదో ఐటీడీఏ దగ్గర అడగండి.

ప్రశ్న: ఇరవై రోజులుగా నెట్ లేదు, బిల్లు మాత్రం వచ్చింది. ఎవరికి చెప్పాలి? – ఆలంపూర్ నుంచి

జవాబు: ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి. కస్టమర్ కేర్ ఇచ్చే డాకెట్ నంబరే (ఫిర్యాదు నంబరు) మీ ఆధారం. ఇంటికొచ్చే కుర్రాడికి వాట్సాప్‌లో చెప్పింది ఫిర్యాదు కిందికి రాదు. గడువులో తేలకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి డాకెట్ నంబరుతో రాయండి. వాళ్లకు 39 రోజుల గడువు ఉంది. అప్పటికీ తేలకపోతే టెలికం శాఖ ప్రజా ఫిర్యాదుల పోర్టల్. ట్రాయ్‌కి రాసి లాభం లేదు, విడివిడి ఫిర్యాదులు అది తీసుకోదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి కూడా తెరిచే ఉంది. టెలికం ఫిర్యాదులు అక్కడ చెల్లవన్న వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. లాస్ లైటు వెలుగుతున్న బాక్సును తేదీ కనబడేలా రోజూ ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కేబుల్‌ను జేసీబీ తెంపిందని చెబితే ఎక్కడ, ఏ రోజున అని రాసివ్వమనండి. తవ్వేవాళ్లు ముందే కేబుల్ యజమానికి తెలిపేందుకు 2023 మార్చి నుంచి "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్ ఉంది. అందులో నమోదు చేయకుండా తవ్వింది మీ పంచాయతీ కాంట్రాక్టరే అయితే, వచ్చే డ్రైనేజీ పనికి పని ఉత్తర్వులోనే ఆ షరతు రాయించండి.